ఉరికే పిల్లకు దిమాక్ లేదా?

"కాళ్ళల్ల దమ్ముంది గనీ దిమాక్ లేదు." నిజామాబాద్‌లో స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు జరిగే చోట, బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు బడుల మైదానాల్లో, గట్టున నిలబడ్డ పెద్దమనుషుల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. వేగంగా ఉరికే పిల్లను చూసి మొదట మెచ్చుకుంటారు. ఆ వెంటనే ఆమె చోటు ఖాయం చేసేస్తారు. ఫుట్‌బాల్ అయితే అంచున వింగ్, ఖోఖో అయితే తరిమే పని, అథ్లెటిక్స్ అయితే వంద మీటర్లు. నడిమధ్య నిలబడి ఆట నడిపే చోటు మరొకరికి పోతుంది. ఆ మరొకరు చాలాసార్లు పట్నం బడి నుంచి వచ్చిన పిల్ల, సార్లతో జంకు లేకుండా మాట్లాడే పిల్ల. తండా నుంచో కూలి ఇంటి నుంచో వచ్చిన పిల్లకు మిగిలేది "నేచురల్ టాలెంట్" అన్న బిరుదు.

ఈ తీర్పు తప్పు. ఆట గురించి తప్పు, మనిషి గురించి ఇంకా పెద్ద తప్పు. కాళ్ళ కదలిక వేరు, ఆలోచన వేరు అనుకోవడం దగ్గరే ఈ తప్పు మొదలవుతుంది. నిలబడి ఆడేవాడు తెలివైనవాడు, కదిలి ఆడేవాడు తెలివి చాలక కదులుతున్నవాడు అన్న నమ్మకం మన జిల్లాలో పుట్టింది కాదు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆటల్లో ఒకటి, అమెరికన్ ఫుట్‌బాల్, ఈ నమ్మకాన్ని దశాబ్దాల పాటు నెత్తిన పెట్టుకుని మోసింది. అక్కడ అది ఎట్లా బద్దలైందో చూస్తే ఇక్కడ మనం చేస్తున్న పొరపాటు తేటగా కనిపిస్తుంది. ఇందూరు (నిజామాబాద్) నుంచి అమెరికాలోని డాలస్, ఫ్రిస్కో పోయి స్థిరపడ్డ ఇండ్లల్లో పిల్లలు ఆదివారాలు చూసేది ఈ ఆటనే. ఇక్కడున్న తాతలకు మాత్రం అది హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే గందరగోళం. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

జట్టుకు పదకొండు మంది. బంతి పట్టుకుని దాడి నడిపేవాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ముందు వరుసలో ఐదుగురు బలశాలులు అతనికి కంచెలా నిలబడతారు. వాళ్ళ వెనక ఏర్పడే చిన్న జాగాను పాకెట్ అంటారు. బంతి చేతికందాక అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. ఆలోపు ఎదుటి జట్టు ఏ పన్నాగంతో నిలబడిందో పసిగట్టాలి, తనవాళ్ళలో ఎవరికి సందు దొరికిందో చూడాలి, విసరాలి. కోచ్ మాట హెల్మెట్‌లోని స్పీకర్‌లో వినిపిస్తుంది గానీ, ఆట గడియారంలో 15 సెకన్లు మిగలగానే అది ఆగిపోతుంది. ఆ తర్వాత అంతా అతని సొంత బుర్రే. అందుకే ఈ చోటును ఆ దేశంలో సేనాపతి స్థానంగా చూస్తారు. పాకెట్‌లో స్థిరంగా నిలబడి, కంగారు లేకుండా విసిరేవాడే అసలైన క్వార్టర్‌బ్యాక్ అన్నది పాత ఆదర్శం. పాకెట్ వదిలి ఉరికేవాడు మైదానాన్ని చదవడం రాక ఉరుకుతున్నాడనేవారు.

ఆ ఆదర్శం వెనక మరొకటి దాగి ఉండేది. ఆలోచించే చోటు తెల్లవాళ్ళది, ఉరికే చోటు నల్లవాళ్ళది. 1968లో డెన్వర్ జట్టుకు మార్లిన్ బ్రిస్కో అనే నల్లజాతి యువకుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, మొదటి ఏడాదే 14 టచ్‌డౌన్ పాసులు (ఎదుటి జట్టు చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే విసుర్లు) వేశాడు. మరుసటి ఏడాది ఆ చోటుకు పోటీ పడే అవకాశం కూడా ఇవ్వలేదు. బఫెలో జట్టుకు వెళ్ళి బంతి అందుకునే ఆటగాడిగా బతుకు మళ్ళీ మొదలుపెట్టాడు. వారెన్ మూన్ కథ ఇంకా తీక్షణమైనది. 1978 జనవరిలో తన యూనివర్సిటీకి రోజ్‌బౌల్ అనే పెద్ద కాలేజీ పోటీ గెలిపించాడు. ఆ ఏడాది ఆ ఆట ప్రధాన లీగైన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో, అంటే జట్లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, ఒక్క జట్టూ అతని పేరు పిలవలేదు. కెనడా వెళ్ళి ఎడ్మంటన్ జట్టుతో అక్కడి లీగ్ ట్రోఫీలైన గ్రే కప్పులు వరసగా ఐదు గెలిచాక, 1984లో గానీ హ్యూస్టన్ జట్టు అతన్ని క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకోలేదు. 2006లో ఆ ఆట హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతనే.

మూన్ ఉరికే ఆటగాడు కాదు. పాకెట్‌లో నిలబడి అందంగా దూరపు బంతులు విసిరేవాడు. 1988 జనవరిలో వాషింగ్టన్‌కు ఎన్ఎఫ్ఎల్ ఫైనలైన సూపర్‌బౌల్ గెలిపించి, రెండో క్వార్టర్‌లోనే నాలుగు టచ్‌డౌన్ పాసులు వేసిన డగ్ విలియమ్స్ కూడా అంతే. పాత ఆదర్శానికి అచ్చంగా సరిపోయే మూన్‌కే తలుపు మూసుకుపోయింది. ఇటు తెల్లజాతి ఆటగాడు ఫ్రాన్ టార్కెంటన్ పాకెట్ వదిలి మైదానమంతా తిరుగుతూ 1961 నుంచి 1978 దాకా 18 సీజన్లు క్వార్టర్‌బ్యాక్‌గానే ఆడాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే, "కాళ్ళా, బుర్రా" అన్నది అసలు తర్కం కాదని అర్థమవుతుంది. ఎవరి బుర్రను నమ్మాలో ముందే తేల్చుకుని, దానికి తగ్గ మాటలు తర్వాత వెతుక్కున్నారు. ఆ నమ్మకం ఎంత లోతుకు దిగిందంటే, తలకు దెబ్బలు తగిలి మతిమరుపు పాలైన పాత ఆటగాళ్ళకు పరిహారం లెక్కగట్టేటప్పుడు, నల్లజాతివాళ్ళ మేధాశక్తి మొదటి నుంచే తక్కువన్న కొలమానం వాడారు. ఇద్దరు మాజీ ఆటగాళ్ళు కోర్టుకెక్కి, గొడవ పెద్దదయ్యాక, 2021లో దాన్ని ఆపుతామని లీగ్ ఒప్పుకుంది. ఇది మన కాలపు సంగతే, తాతల నాటి ముచ్చట కాదు.

ఈ కాలంలోనే ఆ నమ్మకాన్ని ఎదుర్కొన్న ఆటగాడు లమార్ జాక్సన్. 2016లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన వ్యక్తిగత పురస్కారం లేదు. 2018లో డ్రాఫ్టుకు వచ్చేసరికి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటున్న మాజీ జట్టు మేనేజర్ బిల్ పోలియన్, ఇతను క్వార్టర్‌బ్యాక్‌గా కాక బంతి అందుకునే ఆటగాడిగా మారితే మంచిదన్నాడు. జాక్సన్ ఒప్పుకోలేదు. డ్రాఫ్టుకు ముందు జరిగే పరీక్షల్లో 40 గజాల పరుగు కూడా ఉరకలేదు. అందరికన్నా వేగంగా ఉరకగలిగినవాడు, ఆ వేగం ఒక్కటే చూసి తన చోటు మార్చేస్తారని పరుగే మానుకోవలసి వచ్చింది. నలుగురు క్వార్టర్‌బ్యాక్‌ల తర్వాత, మొదటి రౌండు చిట్టచివర, 32వ పేరుగా బాల్టిమోర్ తీసుకుంది. 2019లో 36 టచ్‌డౌన్ పాసులతో లీగ్ మొత్తంలో మొదటి స్థానం, 1,206 గజాల పరుగుతో క్వార్టర్‌బ్యాక్‌లలో కొత్త రికార్డు, ఎంవీపీ (ఆ ఏడాది మేటి ఆటగాడు) పురస్కారానికి 50కి 50 ఓట్లు. తాను పొరబడ్డానని పోలియన్ ఆ ఏడాదే ఒప్పుకున్నాడు.

గజాలూ ఓట్లూ అలా ఉంచి, జాక్సన్ పరుగులో ఏముందో దగ్గరగా చూద్దాం. బాల్టిమోర్ జట్టు తరచూ వేసే ఎత్తు ఒకటుంది. ఎదుటి వరుసలో అంచున నిలబడ్డ ఒక రక్షకుణ్ణి ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని తన పక్కనున్న ఆటగాడి పొట్టకు ఆనిస్తాడు, కానీ చేయి వదలడు. చూపు మాత్రం ఆ వదిలేసిన రక్షకుడి భుజాల మీద, నడుము మీద ఉంటుంది. అతను లోపలికి, పక్క ఆటగాడి వైపు తిరిగితే బంతి వెనక్కి లాక్కుని తాను అంచు నుంచి దూసుకుపోవాలి. అక్కడే ఆగి తన కోసం కాచుకుంటే బంతి పక్కవాడికి వదిలేయాలి. ఇదంతా సెకనులోపు తేలిపోవాలి. తప్పితే నూటముప్పై కిలోల మనిషి మీద పడతాడు. మనం చూసేది చివరి భాగం, ఖాళీ జాగాలో ఉరకడం. ఆ ఖాళీ ఎట్లా ఏర్పడిందన్నదే అసలు ఆట. దాన్ని "కాళ్ళ బలం" అనేవాడు, పరుగు మొదలైన తర్వాతనే కళ్ళు తెరిచాడని చెప్పాలి.

ఇక మన ఊరికి వద్దాం.

నిఖత్ జరీన్ నిజామాబాద్ పిల్ల. మొదట పరుగు పందేల పిల్ల. అన్ని ఆటల్లో ఆడపిల్లలు కనిపిస్తూ బాక్సింగ్‌లో మాత్రం ఎందుకు లేరని నాన్నను అడిగి ఆ ఆటలోకి వచ్చిందన్న సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. ఇక్కడ షంసముద్దీన్ దగ్గర పాఠాలు నేర్చుకుంది. ఆయన కొడుకు హుసాముద్దీన్ కామన్వెల్త్ క్రీడల్లో రెండుసార్లు కాంస్యం, 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో మరో కాంస్యం తెచ్చినవాడు. నిఖత్ 2011లో అంతాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో మళ్ళీ ప్రపంచ విజేత. ఇంత గెలిచాక కూడా ఆమె ఆటను మనవాళ్ళు ఎట్లా వర్ణిస్తారో గమనించండి. "పంచ్‌ల పిడుగు", "ఉక్కు పిడికిలి", "పులిబిడ్డ". ఆమె తల గురించి ఒక్క మాట రాదు.

ఆమెది ముఖాముఖి నిలబడి దెబ్బకు దెబ్బ ఇచ్చుకునే బాక్సింగ్ కాదు. దూరాన్ని నమ్ముకున్న ఆట. తన చేతి పొడవుకు ఎదుటి మనిషి అందాలి, ఎదుటి చేతికి తాను అందకూడదు. ఆ సన్నని తేడాను మూడేసి నిమిషాల మూడు రౌండ్లలో ప్రతి క్షణం కాపాడుకోవాలి. దానికి పాదాలే ఆధారం. ఇస్తాంబుల్ ఫైనల్లో థాయిలాండ్ బాక్సర్ జిత్పోంగ్ జుటామస్ మీద మొదటి రౌండు నిఖత్‌ది. రెండో రౌండులో జిత్పోంగ్ మీదికి తోసుకొచ్చింది. దూరం తగ్గింది, ఆ రౌండు ముగ్గురు జడ్జీలు జిత్పోంగ్‌కే ఇచ్చారు. మూలకు వచ్చి కూర్చున్న ఒక్క నిమిషంలో నిఖత్ లెక్క మళ్ళీ వేసుకోవాలి. మూడో రౌండులో ఆట తిరిగి నిఖత్ చేతికొచ్చింది. ఐదుగురు జడ్జీలూ బౌట్ ఆమెకే రాశారు. ఇద్దరు 30-27, ముగ్గురు 29-28. ఆ 29-28లను చూడండి. ఒక్క రౌండు అటూ ఇటూ అయితే బంగారం చేజారేది. పిడికిలి బలం మొదటి రౌండులో ఎంతుందో మూడో రౌండులోనూ అంతే, ఇంకా చెప్పాలంటే తక్కువ. మారింది ఆలోచన. దాన్ని అమలు చేసినవి పాదాలు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5 తేడాతో ఓడింది. ఆ ఓటమిని నేను దాచను. సీడింగ్ లేక రెండో బౌట్‌లోనే ఆ విభాగంలో చివరికి బంగారం గెలిచిన మనిషి ఎదురైంది. ఆ రోజు ఆమెకన్నా వు యు మేలైన ఆట ఆడింది. ఓటమి మీద ఎంతైనా చర్చించవచ్చు. కానీ గెలిచినప్పుడు "సహజ బలం" అనీ, ఓడినప్పుడు "టెక్నిక్ లేదు, బుర్ర వాడలేదు" అనీ అంటే, ఆ మనిషికి బుర్ర ఎప్పుడూ దక్కదు. నా కోపం దాని మీదే.

తండా పిల్లల విషయంలో ఈ అన్యాయం రెండింతలు. మాలావత్ పూర్ణ సిరికొండ వైపు పాకాల ఊరి పిల్ల. వయసు 14 నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. నేపాల్ వైపు 16 ఏళ్ళు నిండనివాళ్ళకు అనుమతి లేదు కాబట్టి టిబెట్ వైపు నుంచి, అంటే ఉత్తరం దారిన ఎక్కింది. వెంటనే మొదలైన పొగడ్తలు గుర్తున్నాయా? అడవి బిడ్డ, గుట్టలెక్కడం రక్తంలోనే ఉంది, గిరిజనుల ఒళ్ళు వేరు. పాకాల చుట్టూ ఉన్నవి చిన్న గుట్టలు. 8,848 మీటర్ల ఎత్తులో ఉండే పలుచని గాలికి ఇందూరు జిల్లాలో పుట్టిన ఏ శరీరమూ పుట్టుకతో సిద్ధంగా ఉండదు. ఆమెను సిద్ధం చేసింది శిక్షణ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటుండగా ఎంపిక, భువనగిరి గుట్ట మీద రాతి పాఠాలు, డార్జిలింగ్‌లో పర్వతారోహణ కోర్సు, లద్దాఖ్ చలిలో సాధన, కోచ్ శేఖర్‌బాబు కాపలా, గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పట్టుదల. తాడుకు క్లిప్ మార్చుకునే ప్రతిసారీ ఒకటి తగిలించాకే మరొకటి విప్పాలన్న నియమం, ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసుకుంటూ అడుగు వేగం సరిచేసుకోవడం, దిగేటప్పటికి బలం దాచుకోవడం. ఇవన్నీ నేర్చుకుంటేనే వస్తాయి, పట్టించుకుంటేనే నిలుస్తాయి. 2022లో డెనాలి ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసిందంటే, ఎనిమిదేళ్ళ పాటు నేర్చుకుంటూనే ఉందన్నమాట. రక్తం మీదికి నెట్టేసిన క్షణాన ఆ ఎనిమిదేళ్ళ చదువును మనం చెరిపేస్తున్నాం.

గుగులోతు సౌమ్య మన జిల్లా లంబాడీ పిల్ల, వింగర్. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి 2024-25 జాతీయ మహిళా లీగ్ గెలిచిన జట్టులో ఉంది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంచుకుంది. ఆమె గురించి మాట్లాడితే మొదట వచ్చే మాట "స్పీడ్". స్పీడ్ ఉంది, సందేహం లేదు. అయితే వింగర్‌కు స్పీడ్ ఉంటే సరిపోదు. రక్షకురాలి బరువు ఏ కాలి మీద ఉందో చూసి ఏ వైపు తప్పించుకోవాలో తేల్చాలి. ఆఫ్‌సైడ్ గీతకు ఒక అడుగు ఇవతల ఆగి, పాస్ వచ్చే క్షణానికి కదలాలి. ఒక్క క్షణం ముందు కదిలితే జెండా లేస్తుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే దారి మూసుకుపోతుంది. పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియని వేగం ఆ ఆటలో చిల్లిగవ్వకు కొరగాదు.

ఈ నమ్మకం మన దగ్గర ఇంత గట్టిగా నాటుకోవడానికి నాకు కనిపించే కారణం మైదానం బయట ఉంది. బోధన్ చెరుకు సీమను గుర్తు చేసుకోండి. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన సమాజంలో తరతరాలుగా ఒక విభజన పాదుకుంది. ఆఫీసులో, ల్యాబులో కూర్చున్నవాళ్ళది తెలివి. తోటలో చెరుకు కొట్టేవాళ్ళది ఒంటి బలం. తండాల నుంచి, సరిహద్దు దాటి మరాఠ్వాడా నుంచి వచ్చే కూలీలను మనిషికి ఎన్ని టన్నులు కొడతారన్న లెక్కతోనే చూశాం.

చెరుకు కొట్టేవాళ్ళ పక్కన నిలబడి ఒక్క పూట చూసినవాళ్ళెవరూ అది వట్టి బలమని అనరు. గడలో తీపి ఎక్కువగా ఉండేది మొదట్లో. కాబట్టి నేలకు ఆనించి నరకాలి. రెండు కణుపులు పైన నరికితే చక్కెర తోటలోనే మిగిలిపోతుంది, మోడు పైకి ఉండి వచ్చే ఏడు కార్శి తోట పిలకలు బలంగా రావు. మరీ తవ్వినట్టు నరికితే మొదలే చీలిపోతుంది. కొస దగ్గర ఎక్కడ ఆపాలో గడ రంగు, కణుపుల దూరం చూసి కంటితోనే తేల్చాలి. గడతో ఆకు ఎక్కువ పోతే చక్కెర రికవరీ పడిపోతుంది, గడ ఎక్కువ పోతే రైతుకు నష్టం. కొట్టిన చెరుకు ఆలస్యం కాకుండా గానుగకు చేరాలి కాబట్టి లారీ వచ్చే వేళను బట్టి ముఠా వేగం మార్చుకోవాలి. కత్తి ఆగకుండా ఆడుతుండగానే ఇన్ని నిర్ణయాలు జరిగిపోతాయి. ఆ నిర్ణయాలను ల్యాబ్ వాళ్ళు రసం తీపిని కొలిచే బ్రిక్స్ అంకెల్లో చూసేవారు, కానీ ఆ ఘనత కత్తి పట్టినవారికి ఎన్నడూ దక్కలేదు. ఆ ఇండ్ల పిల్లలే ఈనాడు మైదానానికి వస్తున్నారు. తల్లుల చేతుల్లో తెలివిని చూడనివాళ్ళు పిల్లల కాళ్ళల్లో తెలివిని చూస్తారా?

నా వాదనకు ఎదురు వచ్చే మాటల్లో గట్టివి మూడున్నాయి. ఉరికే ఆట ఒంటిని త్వరగా విరగ్గొడుతుందన్నది ఒకటి. 2012లో తొలి ఏడాదే అదరగొట్టిన రాబర్ట్ గ్రిఫిన్ మోకాలు 2013 జనవరిలో పోయింది, మళ్ళీ ఆ ఆట రాలేదు. నిజమే. అయితే పాకెట్‌లో నిలబడే ఆటకు మారుపేరైన టామ్ బ్రేడీ 2008లో సీజన్ మొదటి మ్యాచ్‌లోనే, పాకెట్‌లోనే, మోకాలు పోగొట్టుకున్నాడు. 2020లో జో బరో కూడా అక్కడే పడ్డాడు. గ్రిఫిన్‌ను అప్పటికే దెబ్బతిన్న మోకాలితో ఆడించడం ఆట నడిపినవాళ్ళ నిర్ణయం. దాన్ని అతని ఆట తీరు మీదికి తోయడం న్యాయం కాదు.

ఉరికేవాళ్ళు పెద్ద కప్పులు గెలవరన్నది రెండోది. జాక్సన్ ఇంతవరకు సూపర్‌బౌల్ ఆడలేదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ 1995 జనవరిలో ఆరు టచ్‌డౌన్ పాసులతో సూపర్‌బౌల్ గెలిచిన స్టీవ్ యంగ్ కదిలే ఆటగాడే. 2023 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్‌కు మొదటిసారి ఇద్దరు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లు ఎదురెదురుగా వచ్చారు, పాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్. ఇద్దరూ పాకెట్‌ను దాటి ఆడేవాళ్ళే. 2025 ఫిబ్రవరిలో అదే ఇద్దరి మధ్య హర్ట్స్ జట్టు 40-22తో గెలిచింది. ఈ అభ్యంతరానికి అక్కడ కాలం చెల్లింది.

మూడోది మన వ్యాయామ ఉపాధ్యాయుల మాట. దీన్ని నేను గౌరవంతో వింటాను. "సార్, మాకున్నది రెండు బంతులు, నలభై మంది పిల్లలు, పదిరోజుల టైము. ఎవరికి ఏది వస్తే అదే ఆడిస్తం. ఆలోచన నేర్పే తీరిక ఎక్కడిది?" తీరిక లేదన్నది నిజం. కానీ ఆ కొద్దిపాటి తీరిక ఎవరికి దక్కుతోంది? మధ్యలో ఆడే పిల్లను పిలిచి "అటు చూడు, ఇటు ఇవ్వు" అని చెబుతారు. వింగ్‌లో ఉన్న పిల్లకు "ఉరుకు, ఉరుకు" అన్న కేక ఒక్కటే. రెండేళ్ళు ఒకరికి పాఠం చెప్పి, ఇంకొకరికి కేక వేసి, ఆపైన ఒకరికి దిమాక్ ఉంది, ఇంకొకరికి లేదంటే ఆ తేడా తెచ్చింది ఎవరు? పైనుంచి వచ్చే పద్ధతులు కూడా దీనికే తోడ్పడుతున్నాయి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఎంపికల్లో చూసేవి ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్లు, షటిల్ రన్, నిలుచున్న చోటు నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం. నాలుగో తరగతిలో చేరే పిల్లలకు మొదటి వడపోతగా ఇది అర్థం చేసుకోదగ్గదే. ఆ వయసులో ఒంటిని కొలవడం తేలిక. ఆ అంకెలే పదో తరగతి దాకా పిల్ల వెంట నడిచి, ఆమె చోటును, ఆమె మీద మన అంచనాను నిర్ణయిస్తుంటే మాత్రం ఒప్పుకోలేం. మనకు కొలవడం చేతకానిది పిల్లలో లేనే లేదని రాసేస్తున్నాం.

నిఖత్‌ను ఇప్పుడు రాష్ట్రం డీఎస్పీని చేసింది. ఊరు ఆమె ఫ్లెక్సీలు కట్టింది. సౌమ్యకు, పూర్ణకు సన్మానాలు జరిగాయి. హాకీ జాతీయ జట్టుకు ఆడిన యెండల సౌందర్యకూ అంతే. మంచిదే. కానీ ఆ దండల వల్ల సెలెక్షన్ల గట్టు మీద మాట మారలేదు. నేనడిగేది చిన్నది, బడ్జెట్ అక్కర్లేనిది. ఈసారి మండల స్థాయి ఎంపికల్లో ముప్పై మీటర్ల పరుగు అయిపోయాక స్టాప్‌వాచ్ జేబులో పెట్టండి. అందరికన్నా ముందొచ్చిన పిల్లను నడిమధ్యలో నిలబెట్టి అరగంట ఆడించండి. తప్పులు చేస్తుంది, చేయనివ్వండి. ఆట ఆగాక దగ్గరికి పిలిచి, ఆ బంతి అటే ఎందుకు ఇచ్చావు బిడ్డా అని అడగండి. జవాబు తెలుగులో వచ్చినా, లంబాడీలో వచ్చినా, దక్కనీ ఉర్దూలో వచ్చినా, ఆమె పరుగు సమయం రాసిన కాగితం మీదే, దాని పక్కనే రాసుకోండి.